పుట్టినవాడు ఎవరివాడు?

2025 ఫిబ్రవరి మొదటి వారంలో మా చెల్లెల్ని వెంటబెట్టుకుని లాడ్ బజారుకు వెళ్ళాను. అమెరికాలో టెక్సస్ రాష్ట్రంలో వుంటున్న మా మేనకోడలికి తొమ్మిదో నెల రాబోతోంది. సీమంతం గాజులు ఇక్కణ్ణుంచే పట్టుకుపోవాలని మా చెల్లెలి పట్టుదల. అక్కడ దొరకవని కాదు. డాలస్‌లో దొరకని తెలుగు వస్తువు లేదని అక్కడివాళ్ళే చెబుతారు. కాని మా అమ్మ సీమంతానికి గాజులు లాడ్ బజారునుంచే వచ్చాయి, మా చెల్లెలి సీమంతానికీ అక్కణ్ణుంచే వచ్చాయి. ఇక మూడో తరానికి వేరే చోటునుంచి ఎందుకు రావాలన్నది ఆమె వాదం. ఆడవాళ్ళ ఇటువంటి వాదాలకు జవాబు లేదని నాకు డెబ్భై ఏళ్ళు దాటాక తెలిసింది.

చార్మినారు దగ్గర పడమటికి తిరిగితే లాడ్ బజారు. మహబూబ్ చౌక్ దాకా రెండు వైపులా గాజుల కొట్లే. పట్టపగలే దీపాలు వెలుగుతూ వుంటాయి. రాళ్ళు పొదిగిన గాజు దీపం కింద మెరవకపోతే అమ్ముడుపోదు కదా. లక్కను బొగ్గుల కుంపటి మీద మెత్తబరచి, కడ్డీలా సాగదీసి, గుండ్రంగా వంచి అతికి, ఒక్కొక్క రాయీ పొదిగే పనివాడు మాత్రం ఈ వెలుగులో కనిపించడు. అతడు వెనక సందుల్లో వుంటాడు. 2015 జనవరిలో పాతబస్తీ గాజుల కార్ఖానాలనుంచి పోలీసులు రెండు వందలమందికి పైగా పసివాళ్ళను విడిపించారు. వాళ్ళలో ఎక్కువమంది బీహారు పిల్లలు. 2024లో హైదరాబాదు లక్క గాజులకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంటే గాజుకు పుట్టిన చోటు ఫలానా అని ప్రభుత్వమే పత్రం రాసి ఇచ్చింది. ఆ గాజు చేసిన కుర్రవాడికి అటువంటి పత్రం వుందో లేదో ఎవరూ అడగలేదు.

మేము వెళ్ళిన కొట్టు మా నాన్నగారి కాలంనుంచి మాకు తెలిసినది. ఆ పెద్దాయన పోయి చాలా కాలమైంది. ఇప్పుడు మనవడు కూర్చుంటున్నాడు. ముప్ఫై అయిదేళ్ళుంటాయి. తెలుగు మనలాగే మాట్లాడతాడు, కోపం వస్తే మాత్రం ఉర్దూలోకి పోతాడు. మా చెల్లెలు రెండు-ఆరు సైజులో ఆకుపచ్చ మట్టిగాజులు నాలుగు డజన్లు, లక్క గాజులు రెండు జతలు తీయించింది. అతను వాటిని కాగితంలో చుడుతూ అడిగాడు.

"డెలివరీ ఎప్పుడు సాబ్?"

"మార్చి నెల మధ్యలో."

అతని చేయి ఆగింది. "తారీకు దాటిపోతుంది కదా సాబ్! మా బావమరిది చికాగోలో వుంటాడు. ఆ ఇంట్లోనూ ఇదే గొడవ."

మా చెల్లెలు ముఖం తిప్పుకుంది. అతను నాకేసి చూసి, "అక్కడ పుట్టినవాడు అక్కడివాడు కాదంటే మరి ఎక్కడివాడు సాబ్?" అన్నాడు.

ఏడాదిలోపు మన కాన్సులేటులో నమోదు చేయిస్తే మన దేశం వాడవుతాడని చెప్పాను. "అచ్ఛా, రాయిస్తే అవుతాడన్నమాట" అని మళ్ళీ గాజులు చుట్టుకోసాగాడు. నా జవాబు చట్టప్రకారం సరైనదే. కాని అతను అడిగినదానికి అది జవాబు కాదని నాకూ తెలుసు, అతనికీ తెలుసు.

ఆ 'తారీకు' సంగతి పాఠకులకు గుర్తుండే వుంటుంది. 2025 జనవరి 20న, పదవి స్వీకరించిన రోజునే, అధ్యక్షుడు ట్రంప్ ఒక ఉత్తర్వు మీద సంతకం చేశాడు. తల్లి ఆ దేశంలో అక్రమంగా వున్నా, లేక సక్రమంగానే అయినా తాత్కాలిక వీసా మీద వున్నా, తండ్రి పౌరుడో శాశ్వత నివాసో కాకపోతే, ఆ బిడ్డను అమెరికా పౌరుడిగా గుర్తించవద్దని దాని సారాంశం. ముప్ఫై రోజులు గడిచాక, అంటే ఫిబ్రవరి 19 దాటాక పుట్టే బిడ్డలకు అది వర్తిస్తుందన్నారు. మూడు రోజులు తిరక్కుండానే సియాటిల్‌లో ఒక న్యాయమూర్తి ఇది పచ్చి రాజ్యాంగవిరుద్ధమని దాన్ని ఆపాడు. ఆయనను నియమించినది రీగన్ కాబట్టి విప్లవకారుడని ఆయనమీద ఎవరూ అనుమానపడక్కర్లేదు. కాని భయం కోర్టు ఉత్తర్వులు చదివి ఆగేది కాదు. మనవాళ్ళ ఇళ్ళల్లో క్యాలెండర్లు దిగాయి. నెలలు నిండకముందే ఆపరేషన్ చేయమని భారతీయ దంపతులు అడుగుతున్నారని అక్కడి డాక్టర్లు చెప్పిన మాటలు పత్రికల్లో వచ్చాయి.

ఆ అడిగినవాళ్ళను చూసి జాలిపడుతూ, కొంచెం వెక్కిరిస్తూ, నేనొక వ్యాసం రాసి వుండేవాణ్ణి. రాయలేకపోయాను. ఎందుకంటే ఆ మాట నేనూ అన్నాను. జనవరి చివరలో ఒక రాత్రి ఫోనులో మా మేనకోడలితో, "ఒకసారి డాక్టరును అడిగి చూడమ్మా, పద్దెనిమిదో తేదీలోగా..." అని ఆగాను. అటువైపు కాసేపు చప్పుడు లేదు. తర్వాత ఆమె, "మామయ్యా, నువ్వు కూడానా? కాగితం కోసం బిడ్డను నెల ముందు బయటికి లాగమంటావా?" అంది. నలభై ఏళ్ళుగా అమెరికా జాత్యహంకారం మీద సభల్లో మాట్లాడిన మామయ్య అతను! ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. నాలో అంత భయం ఎక్కడిదా అని ఆలోచించాను. ఈ వ్యాసం ఆ ఆలోచనే.

మా మేనకోడలూ ఆమె భర్తా ఆ దేశం వెళ్ళి పదేళ్ళు దాటింది. పన్ను కడుతున్నారు, ఇల్లు కొన్నారు. శాశ్వత నివాసపు కార్డుకు వరుసలో వున్నారు. ఉద్యోగాల కింద ఏటా ఇచ్చే కార్డులు సుమారు లక్షా నలభై వేలు. వాటిలో ఒక్కొక్క దేశంవారికి నూటికి ఏడు చొప్పున హద్దు. చిన్న దేశానికీ భారతదేశానికీ ఒకే కొలత! చూడడానికి సమానత్వంలాగే వుంటుంది. కాని మనవాళ్ళ వరుస దశాబ్దాలు సాగుతుంది, వరుసలో నుంచున్నవాడు జీవితమంతా 'తాత్కాలికుడు'. అటువంటి తాత్కాలికుల ఇంట్లో పుట్టిన బిడ్డ ఒక్కడే ఏ వరుసలోనూ నిలబడకుండా పౌరుడయ్యేవాడు. ఆ హక్కు ఎవరు సంపాదించి పెట్టారు?

మనవాళ్ళు కాదు. 1790లో అమెరికా చేసుకున్న మొదటి పౌరసత్వ చట్టం, బయటినుంచి వచ్చినవారిలో స్వేచ్ఛాజీవులైన తెల్లవారికే పౌరసత్వం అంది. అక్కడే పుట్టిన నల్లవారి మాట? డ్రెడ్ స్కాట్ అనే బానిస స్వేచ్ఛ కోరి కోర్టుకు వెళితే, 1857లో సుప్రీంకోర్టు నల్లజాతివాడు పౌరుడు కాజాలడని తీర్పు చెప్పింది. ఎన్ని తరాలు ఆ నేల మీద పుట్టి చచ్చినా సరే. ఆ తీర్పును తుడిచిపెట్టడానికి అంతర్యుద్ధం కావలసి వచ్చింది. ఆరు లక్షలకు పైగా ప్రాణాలు పోయాయి. 1868లో రాజ్యాంగానికి పధ్నాలుగో సవరణ వచ్చింది. ఆ నేల మీద పుట్టి, ఆ ప్రభుత్వ శాసనాధికారానికి లోబడిన ప్రతివ్యక్తీ పౌరుడే అన్న సూత్రం ఆ సవరణలోది. అది బానిసల సంతానం కోసం వచ్చినది. వారి వీపుల మీద కొరడా దెబ్బలే దానికి పునాది.

వలస వచ్చినవారి పిల్లలకు కూడా ఆ సూత్రం వర్తిస్తుందని తేల్చినది ఒక వంటవాడి వ్యాజ్యం. వాంగ్ కిమ్ ఆర్క్ 1873లో శాన్ ఫ్రాన్సిస్కోలో పుట్టాడు. తల్లిదండ్రులు చైనావారు, చట్టప్రకారం ఎన్నటికీ పౌరులు కాలేనివారు. 1882నుంచి చైనా కూలీల రాకనే నిషేధించిన రోజులవి. 1895లో అతను చైనా వెళ్ళి తిరిగి వస్తే, నువ్వు పౌరుడివి కావని అధికారులు ఓడ దిగనివ్వలేదు. 1898 మార్చిలో సుప్రీంకోర్టు ఆరుగురు ఇద్దరి తేడాతో అతను పౌరుడేనంది. చైనా వంటవాడు ఓడలో నిర్బంధం అనుభవించబట్టి, నూట ఇరవై ఏళ్ళకు పైగా ఎందరో తెలుగు ఇంజనీర్ల పిల్లలు పుట్టిన గంటకే అమెరికన్లయ్యారు. మన తెలుగు సంఘాల మహాసభల్లో ఎన్నో పటాలకు పూలమాలలు వేస్తారు. ఇతని పటం నేనెక్కడా చూడలేదు.

మన దేశంవాడు అదే కోర్టు మెట్లెక్కినప్పుడు ఏం వాదించాడో చూడండి. భగత్ సింగ్ థింద్ పంజాబువాడు, సిక్కు. 1913లో అమెరికా చేరాడు, మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యంలో చేరాడు. పౌరసత్వం కోరితే, అది తెల్లవారికీ ఆఫ్రికా సంతతివారికీ మాత్రమేనన్న చట్టం అడ్డొచ్చింది. ఈ చట్టం అన్యాయమని ఆయన అనలేదు. 'నేను తెల్లవాణ్ణే' అన్నాడు. ఆర్యజాతివాణ్ణి, పై కులంవాణ్ణి, కనుక కాకేసియన్‌ను, కనుక శ్వేతజాతివాణ్ణి! అంతటితో ఆగినా బాగుండేది. పెళ్ళి సంబంధాల విషయంలో అమెరికా తెల్లవాడు నల్లవాణ్ణి ఎలా చూస్తాడో, భారతదేశంలో పై కులంవాడు అక్కడి ఆదివాసిని అలాగే చూస్తాడని ఆయన తరఫున వాదన సాగింది. అంటే, మాకూ మీకూ అసహ్యించుకోవడంలో పోలిక వుంది గనుక మేమూ మీవాళ్ళమే అని! కులాన్ని అంతర్జాతీయ న్యాయపత్రంగా వాడిన ఘట్టం ఇంతకంటే స్పష్టమైనది నాకు కనిపించలేదు.

అది కూడా పనిచేయలేదు. మూడు నెలల కిందటే, 1922 నవంబరులో, ఒజావా అనే జపాన్ దేశస్థుడి కేసులో అదే కోర్టు, తెల్లవాడంటే కాకేసియన్ అని చెప్పి అతణ్ణి బయటికి నెట్టింది. 1923 ఫిబ్రవరి 19న థింద్ కేసులో ఆ తీర్పు రాసిన సదర్లాండ్ న్యాయమూర్తే, శాస్త్రం ఏమన్నా సరే, సామాన్యుడి దృష్టిలో ఇతను తెల్లవాడు కాడు అన్నాడు. ఒకడికి శాస్త్రం అడ్డం, ఇంకొకడికి సామాన్యుడి చూపు అడ్డం. ముందు గోడ కట్టడం, తర్వాత ఇటుకలకు పేర్లు వెతుక్కోవడం! ఆ తీర్పు తర్వాత, అప్పటికే పౌరులైన భారతీయుల పౌరసత్వాలనూ ఊడబెరికారు. వారిలో ఒకడైన వైష్ణో దాస్ బగాయ్ 1928లో ఆత్మహత్య చేసుకున్నాడు. భీమవరంలో పుట్టి, హార్వర్డులోనూ లెడర్లే ప్రయోగశాలలోనూ పనిచేసి, లోకానికి మందులిచ్చిన మన యల్లాప్రగడ సుబ్బారావు కూడా ఆ దేశంలో గడిపిన కాలంలో చాలాభాగం పౌరసత్వానికి అర్హుడే కాడు. 1946లో ఆ తలుపు తెరిచినప్పుడు భారతీయులకు కేటాయించినది ఏడాదికి నూరు. రెండేళ్ళకు ఆయన చనిపోయారు.

తేదీలకు మహిమ వుంటుందని నేను నమ్మను. కాని థింద్ తీర్పు ఫిబ్రవరి 19న వచ్చింది. 1942లో జపాన్ సంతతివారిని నిర్బంధ శిబిరాలకు తరలించడానికి దారితీసిన ఉత్తర్వు మీద రూజ్వెల్టు సంతకం చేసినదీ ఫిబ్రవరి 19నే. మా ఇంట్లో క్యాలెండరు మీద గీత గీసినదీ ఆ తేదీ కిందనే. ఆ శిబిరాలకు వెళ్ళిన లక్షకు పైగా జనంలో మూడింట రెండు వంతులు అక్కడే పుట్టిన పౌరులు. పుట్టుక ఇచ్చిన కాగితం వాళ్ళను కాపాడలేదు. అటువంటి కాగితం కోసం నేను పుట్టని బిడ్డను తొందరపెట్టాను.

మనం అక్కడికి వెళ్ళి ఏం నేర్చుకున్నాం? మా బంధువుల్లో ఒకాయన ఇల్లు కొనబోతుంటే, అందరూ చెప్పిన మొదటి సలహా నల్లవాళ్ళ పేటలో కొనవద్దని. ఏ జాతి కొరడా దెబ్బలు తిని రాయించిన సవరణ మన బిడ్డను పౌరుణ్ణి చేస్తోందో, ఆ జాతి పక్కింట్లో వుండకూడదు! థింద్‌ను తప్పుపట్టడానికి మనకు నోరేదీ? ఆయన కోర్టులో పైకి చెప్పినది మనం భోజనాల దగ్గర మెల్లగా చెప్పుకుంటున్నాం. 2017 ఫిబ్రవరిలో కాన్సాస్ రాష్ట్రం ఓలేత్‌లో మన హైదరాబాదీ ఇంజనీరు శ్రీనివాస్ కూచిభొట్లను కాల్చి చంపినవాడు ఆయన కులం అడగలేదు. నా దేశం విడిచి పో అని అరిచాడు. ఆయనను ఇరాన్‌వాడనుకున్నాడట. హంతకుడికి 2018లో యావజ్జీవశిక్ష పడింది, అందులో న్యాయం జరిగిందనే చెప్పాలి. అయితే ఆ దేశపు చట్టమే ఇంకొక పని కూడా చేసింది. భార్య అక్కడ వుండే హక్కు భర్త వీసా మీద ఆధారపడినది గనుక, భర్త పోగానే ఆమె హక్కూ పోయింది. ఒక చట్టం హంతకుణ్ణి జైలులో పెడుతుంటే, ఇంకొక చట్టం హతుడి భార్యను గుమ్మం చూపించింది. పెద్దల జోక్యం మీద ఆమెకు తాత్కాలికంగా అనుమతి దొరికింది. దయ దొరికిందన్నమాట, హక్కు కాదు.

ఇంతవరకూ రాసి చదువుకుంటే నాకే అనుమానం వచ్చింది. అమెరికాను తిట్టడం నాకు సులువు, జీవితమంతా చేశాను. లాడ్ బజారు కుర్రవాడి ప్రశ్న నన్ను ఎందుకంత గుచ్చిందో అది చెప్పదు. దానికి మా ఇంటి ట్రంకు పెట్టె తెరవాలి.

మా నాన్నగారు తెనాలి ప్రాంతంనుంచి 1949లో ఈ నగరానికి వచ్చారు. పోలీసు చర్య ముగిసింది, తెలుగు చెప్పే పంతుళ్ళకు గిరాకీ వచ్చింది. కాని హైదరాబాదు రాష్ట్రంలో సర్కారు కొలువుకు 1919 నాటి ముల్కీ నిబంధనలు అడ్డు. బయటివాడు ముల్కీ కావాలంటే పదిహేనేళ్ళు ఇక్కడ కాపురముండి, సొంతగడ్డకు తిరిగిపోయే ఆలోచన మానుకున్నానని ప్రమాణపత్రం ఇవ్వాలి. పుట్టుకవల్ల ముల్కీ కావాలన్నా, ఇక్కడ పుడితే చాలదు, తండ్రి ఎవరన్నది చూసేవారు. మా నాన్నగారికి రెండేళ్ళ నివాసం వుంది. 1951లో ఆయన చేతికొచ్చిన ముల్కీ కాగితాల్లో మాత్రం 1345 ఫసలీనుంచి, అంటే ఇంచుమించు 1936నుంచి, మొగల్‌పురాలో కాపురమున్నట్టు వుంది. అది నిజమేనని సాక్షి సంతకం చేసినవాడు లాడ్ బజారు గాజుల వర్తకుడు. పొద్దుగూకాక ఆయన పిల్లలకు మా నాన్నగారు తెలుగూ లెక్కలూ చెప్పేవారు. స్నేహానికి చేసిన సంతకం అది, డబ్బు తీసుకోలేదు. తిరిగిపోయే ఆలోచన మానుకున్నానన్న ప్రమాణం కూడా అబద్ధమే. ఏ సంక్రాంతికీ ఆయన తెనాలి వెళ్ళకుండా వుండలేదు, పొలం కౌలు వసూలు చేయకుండానూ వుండలేదు.

1952లో ఈ దొంగ సర్టిఫికెట్ల మీదనే ఉద్యమం లేచింది. వరంగల్లులో పంతుళ్ళ నియామకాల దగ్గర మొదలై నగరానికి వచ్చింది. నాన్ ముల్కీ గో బ్యాక్ అన్నారు, ఇడ్లీ సాంబార్ గో బ్యాక్ అన్నారు. సెప్టెంబరు 3న సిటీ కాలేజీ దగ్గర పోలీసులు కాల్పులు జరిపారు, ప్రాణాలు పోయాయి. లాడ్ బజారుకూ సిటీ కాలేజీకీ ఎంత దూరం! మా అమ్మ అప్పుడు నన్ను మోస్తోంది. ఊరు అట్టుడుకుతున్న ఆ రోజుల్లోనే గాజుల వర్తకుడి ఇంటినుంచి ఆకుపచ్చ గాజులు వచ్చాయని, మూసిన తలుపుల వెనక ఇద్దరు ముత్తయిదువులతో సీమంతం అయిందనిపించారని ఆమె చెప్పేది. వీధిలో 'పొమ్మనే' కేకలు విన్నప్పుడల్లా పొట్ట పట్టుకునేదట. నవంబరులో నేను పుట్టాను. ఈ నగరంలోనే పుట్టాను, కాని పుట్టుకవల్ల ఇక్కడివాణ్ణి కాను. ఒక అబద్ధపు సంతకంవల్ల ఇక్కడివాణ్ణి.

ఆ కేకలు వేసిన కుర్రవాళ్ళు జాత్యహంకారులని నేను అనలేను. తరతరాలు చదువుకు నోచుకోని తెలంగాణా బిడ్డలకు ఆ కొలువులే ఆశ. అందులో ఒకటి మా నాన్నగారు తిన్నారు. మా ఇంట్లో ఉడికిన అన్నం ఎవరో ఒక వరంగల్లువాడో నల్లగొండవాడో తినవలసినది. ఈ మాట ఆయన బతికివుండగా ఆయనతో అనడానికి నాకు ధైర్యం చాల్లేదు. తర్వాత 1969 వచ్చింది. 1972 అక్టోబరులో సుప్రీంకోర్టు ముల్కీ నిబంధనలు చెల్లుతాయంది, దాని మీద కోస్తాలో మంటలు లేచాయి, 1973లో పార్లమెంటు ఆ నిబంధనలను రద్దు చేసింది. ఆ చరిత్ర పాఠకులకు తెలిసినదే. నేను చెప్పదలచినది ఒక్కటి. కొలువు ఎవరికి రావాలన్న తగవు వేరు, పుట్టిన పసిగుడ్డు ఎవరివాడన్న తగవు వేరు. మొదటిదానికి లెక్కలున్నాయి, వాటాలున్నాయి, కూర్చుని తేల్చుకోవచ్చు. టెక్సస్ కార్మికుడికి మా మేనకోడలి భర్త ఉద్యోగం మీద కోపం వుంటే ఆ కోపంతో నేను వాదించగలను, కొంత ఒప్పుకోగలను కూడా. ఆమె కడుపులోని బిడ్డ ఏ టెక్సస్ కార్మికుడి కూడూ తినలేదు.

పుట్టిన నేలను బట్టి పౌరుణ్ణి నిర్ణయించాలని ఇంత గట్టిగా చెబుతున్నాను కదా, మరి మన దేశం సంగతి ఏమిటి? 1955 నాటి మన పౌరసత్వ చట్టం ప్రకారం, 1950 జనవరి 26నుంచి ఇక్కడ పుట్టినవాళ్ళంతా, విదేశీ రాయబారుల పిల్లల వంటి కొద్దిమంది తప్ప, పౌరులే. తల్లిదండ్రులెవరని అడగలేదు. అమెరికా సూత్రమే అది. 1987 జూలై 1నుంచి తల్లిదండ్రుల్లో ఒకరైనా పౌరులై వుండాలన్నాం. 2004 డిసెంబరునుంచి ఇద్దరూ పౌరులై వుండాలి, లేదా ఒకరు పౌరులై రెండోవారు అక్రమంగా వచ్చినవారు కాకూడదన్నాం. ట్రంప్ ఒక్క సంతకంతో చేయబోయి కోర్టులో చిక్కుకున్న పనికి దగ్గరిదాన్ని మనం రెండు విడతల్లో, పార్లమెంటులో చేతులెత్తి, పెద్ద అలజడి లేకుండా ముగించాం. అలబామా మీద, దక్షిణాఫ్రికా మీద మన సభలు తీర్మానాలు చేశాయి. 1987లో నేను ఒక్క వాక్యం రాయలేదు. నాకు అవసరం రాలేదు, అంతే. నా కాగితాలు అప్పటికి స్థిరపడిపోయాయి.

అవసరం వచ్చినవాళ్ళు పాతబస్తీలో వున్నారు. 2020 ఫిబ్రవరిలో ఆధార్ సంస్థ హైదరాబాదు కార్యాలయంనుంచి 127 మందికి నోటీసులు వెళ్ళాయి. వారిలో ఇక్కడి ఆటో డ్రైవరు ఒకడు. వచ్చి నీ పౌరసత్వం రుజువు చేసుకో అని నోటీసులో వుంది. గగ్గోలు పుట్టాక, ఆధార్‌కూ పౌరసత్వానికీ సంబంధం లేదని ఆ సంస్థే వివరణ ఇచ్చింది. అంతకు ముందు డిసెంబరులోనే కొత్త పౌరసత్వ సవరణ వచ్చి, మతాన్ని మొదటిసారి ఆ చట్టంలోకి తెచ్చింది. నగరంలో వేలకు వేల జనం వీధుల్లోకి వచ్చిన రోజులవి. ఆ భయాన్ని నేను పత్రికలో చదివాను. దాని రుచి తెలిసినది 2025లో, ఆకుపచ్చ గాజులు కొంటూ.

మా మేనకోడలికి మార్చి నెలలో, నిండు నెలలతో, ఆడపిల్ల పుట్టింది. అప్పటికి కోర్టుల నిలుపుదల అమలులో వుంది గనుక జనన పత్రమూ పాస్‌పోర్టూ మామూలుగానే వచ్చాయి. జూన్ 27న సుప్రీంకోర్టు, ఉత్తర్వు మంచిచెడ్డలు తేల్చకుండానే, దేశమంతటికీ వర్తించే నిలుపుదలలు ఇచ్చే కింది న్యాయమూర్తుల అధికారాన్ని కుదించింది. జూలైలో న్యూ హాంప్‌షైర్‌లో, అటువంటి శిశువులందరి తరఫునా వేసిన ఒక వ్యాజ్యంలో మళ్ళీ నిలుపుదల వచ్చింది. డిసెంబరులో అసలు ప్రశ్ననే సుప్రీంకోర్టు విచారణకు తీసుకుంది. 1868లో రాసినది, 1898లో తేలినది, మళ్ళీ తూకానికి వచ్చింది.

బిడ్డ పుట్టిన కబురు చెప్పడానికి ఏప్రిల్‌లో లాడ్ బజారు వెళ్ళాను. సంచిలో మా నాన్నగారి ముల్కీ కాగితాలు పెట్టుకున్నాను. ఎందుకు పట్టుకెళ్ళానో సరిగ్గా చెప్పలేను. ఒప్పుకోలు చెప్పుకోవాలనుకున్నానేమో. కొట్టు కుర్రవాడు మిఠాయి తెప్పించాడు, దారిలో గాజులు పగిలాయా అని అడిగాడు. అయిదు పగిలాయని చెప్పాను. అప్పుడు ఆ కాగితం అతని ముందు పరిచి, సాక్షి సంతకం చూపించాను. ఉర్దూలో సంతకం, కింద తండ్రి పేరు, 'సాకిన్ లాడ్ బజార్' అని చిరునామా, 1951 నాటి తేదీ.

అతను చాలాసేపు చూశాడు. వేలితో ఆ అక్షరాల మీద రాశాడు.

"ఇది అబద్ధపు సాక్ష్యం బాబూ. మా నాన్న అప్పటికి వచ్చి రెండేళ్ళే అయింది. మీ తాత మా కోసం అబద్ధం చెప్పాడు" అన్నాను.

నా మాట అతను విన్నాడో లేదో తెలియదు. కౌంటరు దిగి వచ్చాడు.

"మాస్టర్ సాబ్, మా దాదా పేరూ, ఆయన బాప్ పేరూ, ఈ బజారు పేరూ ఒక్కచోట వున్న కాగితం మా ఇంట్లో ఒక్కటి కూడా లేదు. ఆ నోటీసుల టైములో ఇల్లంతా వెతికాం. ఎదురుగా జిరాక్స్ షాపు వుంది. అయిదు నిమిషాలు ఇస్తారా?"

ఇచ్చాను. అతను నాలుగు కాపీలు తీయించుకున్నాడు.